38 వేలు అడిగిన సాటర్న్‌కి 20 వేలు: ఒక కేస్ మొత్తం, లెక్కతో సహా

2023 వానాకాలంల ఒక శనివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. మాదాపూర్ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే పిలగాడు, అంతకుముందు వాళ్ల అన్నది పాత గేమ్‌బాయ్ నేను రిపేర్ చేసిచ్చిన, అప్పటి నుంచి ఏం కొనాలన్నా నన్ను ఒక మాట అడుగుతడు. "అన్నా, సెగా సాటర్న్ దొరికిందే, జపాన్‌ది, వైట్ మోడల్, బాక్స్ తోని, మూడు గేమ్స్, 4 ఎంబీ ర్యామ్ కార్ట్ గూడ ఉంది, 38 వేలంట, సోమవారం లోపల తీసుకోకపోతే వేరేటోళ్లకి ఇచ్చేస్తా అంటున్నడు, 5 వేలు అడ్వాన్స్ కొట్టేసిన" అన్నడు. సాటర్న్ అంటే సెగా కంపెనీది పాత వీడియో గేమ్ మెషిన్, ర్యామ్ కార్ట్ అంటే దాంట్ల గుచ్చే అదనపు మెమరీ డబ్బి. అడ్వాన్స్ కొట్టినంక అడిగిండు, అది వేరే సంగతి, కనీసం మిగతా 33 వేలు కొట్టక ముందు అడిగిండు.

నా పని ఏందో ముందు చెప్తా. మల్కాజ్‌గిరిల ఇంట్లనే ఒక బెంచ్ పెట్టుకుని పాత కన్సోల్స్ రిపేర్ చేస్తా, అంతకుముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ దగ్గర కంప్యూటర్ల పని చేసేటోన్ని. కొనేటోళ్లు పిలిస్తే పోయి వస్తువు చూసి ధర చెప్తా, దానికి వెయ్యి రూపాయలు తీసుకుంటా, అమ్మేటోళ్ల దగ్గర ఒక్క రూపాయి గూడ ముట్ట. ఇది ఎందుకు చెప్తున్ననంటే కమీషన్ తీసుకునేటోడు చెప్పే ధర ధర కాదు.

ఈ కేస్ మొత్తం రాద్దామని ఎందుకు అనిపించిందంటే రోజూ ఎవరో ఒకరు "అన్నా సూపర్ ఫ్యామికామ్ ఎంతకి తీసుకోవచ్చు, పీసీ ఇంజిన్ ఎంత పెట్టొచ్చు" అని అడుగుతరు, ఇవి గూడ జపాన్ గేమ్ మెషిన్లే, నేను ఒక నంబర్ చెప్తే అది రాసుకుని పోతరు, మూడు నెలలకి యెన్ రేటు మారుతది, షిప్పింగ్ మారుతది, ఆ నంబర్ పట్టుకుని వేరే అమ్మేటోడితోని కొట్లాడుతరు. నంబర్ కాదు కావాల్సింది, ఆ నంబర్ ఎట్ల వచ్చిందో అది కావాలె.

ముందు సాటర్న్ సంగతి. జపాన్ల 1994 నవంబర్ 22న వచ్చింది, 44,800 యెన్లకి. పదకొండు రోజుల తర్వాత, డిసెంబర్ 3న సోనీ ప్లేస్టేషన్ 39,800కి దింపింది. ఆ పోటీల సెగా ధర తగ్గించుకుంటూ పోయి 1996 మార్చిల తెల్ల రంగు మోడల్ 20,000 యెన్లకే పెట్టింది. ముందు వచ్చిన గ్రే మోడల్‌కి బటన్లు కోలగ ఉంటయి, తెల్లదానికి గుండ్రంగ ఉంటయి. అమెరికాల సాటర్న్ పెద్దగ అమ్ముడు పోలేదు గానీ జపాన్ల 50 లక్షల పైన పోయింది. అంటే ఆ తెల్ల సాటర్న్ అక్కడ అరుదైన వస్తువు కానే కాదు, ఇప్పటికీ పాత సామాన్ల షాపుల్ల వరుసగ పేర్చి ఉంటయి.

మరి హైదరాబాద్ల ఎందుకు రేర్ అంటరు? ఎందుకంటే ఇక్కడికి రానే లేదు. మనం పెరిగింది మీడియా, లిటిల్ మాస్టర్, సమురాయ్ లాంటి డబ్బాల మీద, నింటెండో ఫ్యామికామ్‌ని చూసి చేసినయి. సెగా సామాన్లల్ల మెగా డ్రైవ్ అనే మెషిన్‌ని మన దేశంల షా వాలెస్ కంపెనీ 1995ల అమ్మింది, అప్పుడు ఇంపోర్ట్ టారిఫ్ 80 శాతం, ఇక్కడ ఆ డబ్బా ధర 18,000. 1995ల 18,000 అంటే ఎంతమంది ఇండ్లల్లకి పోతదో మీరే అనుకోండ్రి. కాబట్టి ఇక్కడ దొరకకపోవుడు నిజమే, కానీ దొరకకపోవుడు వేరు, లోకంల తక్కువ ఉండుడు వేరు. దొరకకపోవుడికి మందు షిప్పింగు, కస్టమ్స్ ఖర్చు, అది లెక్క కట్టొచ్చు. రెండోదానికి మందు లేదు, దాని ధర ఎంతైనా పోతది. అమ్మేటోళ్లు మొదటిది చూపించి రెండోదాని ధర అడుగుతరు, ఈ కేస్ల జరిగింది గూడ అదే.

పిలగాన్ని 38 వేలు ఎందుకు కరెక్ట్ అనిపించిందిరా అని అడిగితే ఆన్‌లైన్ల నాలుగు స్క్రీన్‌షాట్లు పంపిండు, 35 వేలు, 40 వేలు, 42 వేలు, ఒకటైతే 55 వేలు. నాలుగూ "అడుగుతున్న" ధరలే, ఒక్కటి గూడ "అమ్ముడైన" ధర కాదు. అందుల ఒకటి ఎనిమిది నెలల కింద నేను చూసిన పోస్టే, అదే ఫోటో, అదే ధర, ఎవరూ కొనలే కాబట్టే ఇంకా ఉంది. అడుగుతున్న ధరలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి పెరుగుతయి, ఒకడు 40 పెడితే ఇంకొకడు అది చూసి 42 పెడతడు. నేను ఎప్పుడైనా చూసేది అయిపోయిన వేలాలు, జపాన్ యాహూ ఆక్షన్స్‌ల ముగిసినయి, మెర్కారి అనే జపాన్ పాత సామాన్ల యాప్‌ల సోల్డ్ అని పడ్డయి. కనీసం పది చూస్తా, అందుల బాగా ఎక్కువది, బాగా తక్కువది తీసేసి మిగతావాటిని చూస్తా. ఆ వారం పని చేసే తెల్ల సాటర్న్, ఒక ప్యాడ్, కేబుల్స్ తోని, బాక్స్ లేకుండా, ఎక్కువ శాతం 6,000 నుంచి 8,000 యెన్ల మధ్యల పోయినయి. అప్పుడు యెన్ మన దగ్గర 60 పైసల అటుఇటు.

ఇంకో మాట, జపనీస్ల "జంక్" అని రాసి అమ్మేయి ఇంకా తక్కువకు పోతయి, వెయ్యి రెండు వేల యెన్లకి గూడ. జంక్ అంటే చెడిపోయింది అనే కాదు, టెస్ట్ చేయలే, వాపస్ తీసుకోం, నీ అదృష్టం అని అర్థం. హార్డ్ ఆఫ్ లాంటి షాపుల్ల దానికి వేరే బుట్టలే ఉంటయి. ఈ మాట తర్వాత పనికొస్తది.

ఆదివారం పొద్దున ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ పోయినం, అమ్మే అతని ఇంటికి. మంచి మనిషే, ముప్పై ఏండ్లు ఉంటయి, ఇల్లంతా కన్సోల్స్, చాయ్ ఇచ్చిండు. మోసగాడు అని నాకు ఎక్కడా అనిపించలే, ఇప్పటికీ అనిపించదు. రెండు వస్తువుల మీద మాత్రం ఆయనకే సరిగ్గ తెల్వదు, ఆయనకి అమ్మినోడు చెప్పింది మనకి చెప్పిండు.

మొదట బాక్స్. బాక్స్ మీద గ్రే మోడల్ బొమ్మ, లోపల తెల్ల మెషిన్. కోల బటన్లు, గుండ్రం బటన్లు అని మీద చెప్పిన కదా, పక్కపక్కన పెట్టి చూపిస్తే పిలగాడికి గూడ వెంటనే తెలిసిపోయింది. బాక్స్ తోని అంటే అదే మెషిన్‌తో వచ్చిన బాక్స్ అయి ఉండాలె, లోపల థర్మకోల్, మాన్యువల్ ఉండాలె, అప్పుడే దానికి వేరే విలువ. ఇక్కడ రెండు వేర్వేరు సామాన్లు ఒక చోటికి చేరినయి, అంతే. సేకరించేటోళ్లకి ఉత్త గ్రే బాక్స్ పనికొస్తదేమో, మా పిలగానికి ఆడుకునేటందుకు కావాలె, కాబట్టి బాక్స్ విలువ సున్నా అనుకుని పక్కన పెట్టిన.

తర్వాత ర్యామ్ కార్ట్. సెగా ఒరిజినల్ 4 ఎంబీ అన్నడు. మెషిన్ల పెట్టి ఆన్ చేస్తే ఆ కార్ట్ సొంత మెనూ వచ్చింది, చీట్ కోడ్లు, సేవ్ కాపీ చేసుకునుడు, అన్నీ ఉన్నయి. సెగా సొంత ర్యామ్ కార్ట్‌కి మెనూ అనేది ఉండదు, మెషిన్ మామూలుగ లేస్తది, గేమ్ దాన్ని వాడుకుంటది అంతే. మెనూ వచ్చిందంటే అది వేరే కంపెనీ చేసిన ఫోర్-ఇన్-వన్ లాంటి కార్ట్. పనికి రాదా అంటే మస్తు పనికొస్తది, సేవ్ చేసుకోవచ్చు, ర్యామ్ అవసరమైన ఫైటింగ్ గేమ్స్ నడుస్తయి, నేను గూడ అదే వాడుతా. నా దగ్గర ఉన్న ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్ పట్టుకపోయిన, అది 4 ఎంబీ లేకపోతే ఆడదు, పెట్టి చూస్తే ఆడింది. కానీ ఒరిజినల్ అని ధర కట్టి ఇది ఇస్తే ఎట్ల. ఈ మాట చెప్తే ఆయన ముఖం మారింది, "నాకు ఒరిజినల్ అనే ఇచ్చిండ్రు సార్" అన్నడు. నమ్మిన.

కరెంటు సంగతి దగ్గర మాత్రం నాకు భయం వేసింది. "డైరెక్ట్ ప్లగ్‌ల పెట్టుకోవచ్చు కదా" అని మా పిలగాడు అడిగితే అప్పుడు తెలిసింది, ఆయన వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నడు గానీ అమ్మేటప్పుడు అది ఇస్తలేడు, చెప్పుడు గూడ మర్చిపోయిండు. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. సాటర్న్‌కి అడాప్టర్ బయట ఉండదు, పవర్ సప్లై లోపలనే, వెనక మన పాత రేడియోలకి ఉండే రెండు పిన్నుల ఎనిమిది ఆకారం కేబులే. ఆ కేబుల్ మన ఇండ్లల్ల డ్రాయర్ల ఉంటది, మంచిగ సరిపోతది గూడ, పెట్టి స్విచ్ వేస్తే టప్‌మని పోతది. జపాన్ ప్లేస్టేషన్ది గూడ ఇదే కథ. ఈ పదేండ్లల్ల నా బెంచ్ మీదికి వచ్చిన చచ్చిన జపాన్ మెషిన్లల్ల ఎక్కువ ఇట్లనే చచ్చినయి. ఫ్యామికామ్, సూపర్ ఫ్యామికామ్‌లకి బయట అడాప్టర్ ఉంటది, 10 వోల్టుల డీసీ, మధ్యల నెగెటివ్, అవి ఈజీ, మన దగ్గర సరిపడే అడాప్టర్ చూసుకోవచ్చు, పోలారిటీ, అంటే ప్లస్ మైనస్, మాత్రం కరెక్ట్‌గ ఉండాలె. సాటర్న్‌కి ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది, కానీ ఊకె స్టెప్‌డౌన్ ఇవ్వుమంటే అమెరికా సామాన్లకి వాడే 110 వోల్టులది ఇస్తరు, 100 అని గట్టిగ చెప్పి, కొనేటప్పుడే మీటర్ పెట్టి చూసుకోవాలె. సాటర్న్ లాగేది తక్కువే, 100 వాట్లది మస్తు. ఫ్రీక్వెన్సీ గురించి కొందరు భయపడతరు, అవసరం లేదు, జపాన్లనే టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60, మెషిన్ రెండింటి మీద నడిచేటట్టే చేసిండ్రు.

ఆన్ చేయంగనే భాష, తేదీ అడిగే స్క్రీన్ వచ్చింది. అంటే లోపల సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. వెనకాల మూత తీసి మార్చొచ్చు, బయట ఈజీగ దొరుకుతది, వంద రూపాయల లోపు. కొందరు కొనేటోళ్లు దీన్ని చూపించి "మెషిన్ పాడైంది" అని రెండు మూడు వేలు తగ్గించమంటరు, అది గూడ అన్యాయమే. మా పిలగాడు నా చెయ్యి గిల్లిండు, తగ్గించమని అడుగుమని, నేను అడగలే.

ఇగ సీడీ చదివే లేజర్. "టెస్టెడ్, వర్కింగ్" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం, చాలామందికి గేమ్ లోగో వస్తే వర్కింగే. నేను ఒక పాత పాటల సీడీ జేబుల పెట్టుకుని పోతా, ఒరిజినల్ ఆడియో సీడీ, గీతలు లేనిది. సాటర్న్ల సీడీ ప్లేయర్ ఉంటది, మొదటి పాట పెట్టి, తర్వాత ఆఖరి పాట పెట్టి వింటా. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతది, ఆఖరి పాట అంచు దగ్గర ఉంటది, లేజర్ నీరసపడినా, అది నడిచే పట్టాలు గ్రీజు ఎండి బిగుసుకున్నా అంచు దగ్గరనే ముందు దొరికిపోతది. ఇక్కడ మొదటి పాట బానే వచ్చింది, ఆఖరిది రెండుసార్లు తడబడింది. తర్వాత సెగా ర్యాలీ పెట్టి నలభై నిమిషాలు ఆడిచ్చిన, ఆ గేమ్ల పాటలు డిస్క్ మీది ఆడియో ట్రాకులే, మెషిన్ వేడెక్కినంక తడబడితే చెవికి తెలిసిపోతది. వేడెక్కినంక పెద్ద తేడా లేకుండె.

ఆయన్ని అడిగి మూత విప్పిన. పట్టాల మీద గ్రీజు నల్లగ గట్టిపడి ఉండె, అది పెద్ద సమస్య కాదు, శుభ్రం చేసి కొత్తది పెడితే పోతది. కానీ లేజర్ పవర్ తిప్పే చిన్న స్క్రూ, పాట్ అంటం, దాని గాట్ల కొత్త గీత ఉంది, మెరుస్తున్నది. అంటే ఎవరో తిప్పిండ్రు. పాట్ తిప్పితే లేజర్ గట్టిగ వెలుగుతది, చదవని డిస్కు చదువుతది, కానీ ఆయుష్షు తగ్గుతది. దీపం ఆరిపోయే ముందు వత్తి ఎగదోసినట్టు. ఆ గీతను చూసిన, ఫోటో గూడ తీసిన, దాని గురించి కింద చెప్తా.

గేమ్స్ మూడు: వర్చువా ఫైటర్ 2, సెగా ర్యాలీ, ఇంకో స్పోర్ట్స్ గేమ్. ఒక్కోటి 3 వేలు లెక్క కట్టిండు. వర్చువా ఫైటర్ 2 జపాన్ల పది లక్షల పైన అమ్ముడైన గేమ్, అక్కడ కొన్ని వందల యెన్లకే దొరుకుతది. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలె, సాటర్న్ల ఖరీదైన గేమ్స్ ఉన్నయి, రేడియంట్ సిల్వర్‌గన్ లాంటియి, అవి జపాన్ల గూడ ఖరీదే. పంజర్ డ్రాగన్ సాగా అమెరికా కాపీ చూస్తే గుండె ఆగుతది, అదే గేమ్ జపాన్ల ఆజెల్ అనే పేరుతో వచ్చింది, అది మామూలు ధరకే ఉంటది. కాబట్టి ఏ దేశపు కాపీ అనేది చూడకుండ గేమ్ పేరు మాత్రం వెతికి ధర కడితే బోల్తా పడతరు, అమ్మేటోడు గూడ, కొనేటోడు గూడ.

ఇగ కూర్చుని లెక్క తీసినం, ముగ్గురం, ఆయన డైనింగ్ టేబుల్ మీదనే, ఒక కాగితం మీద. నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇదే వస్తువు, ఇదే కండిషన్ల, ఇవ్వాళ ఇంకో దారిన ఈ పిలగాని ఇంటికి రావాలంటే ఎంత అయితది? మెషిన్ మధ్య రకం ధర 7,000 యెన్లు. జపాన్ల మన తరఫున కొని పంపే వాళ్ల ఫీజు, అక్కడి లోకల్ కొరియర్ కలిపి 1,800. ఇక్కడికి షిప్పింగ్, ప్యాకింగ్ తోని రెండు కిలోల పైన ఉంటది కాబట్టి 6,500. మొత్తం 15,300 యెన్లు, అంటే 9,180 రూపాయలు. కార్డు మీద బ్యాంకు కొట్టే ఫారెక్స్ ఛార్జీ ఇంకో 300.

కస్టమ్స్ దగ్గర ఆయన "డబుల్ పడింది సార్" అన్నడు. రసీదు చూపియ్యమన్న, చూపించిండు, దాచలే, ఆ రసీదుల ఐదు మెషిన్ల లాట్ ఉంది, అందుల ఒకదాని వాటా 3,700 అటుఇటు వచ్చింది. డబుల్ ఏం కాదు గానీ ఆయనకి ఎందుకు అట్ల అనిపించిందో నాకు అర్థమైంది. డ్యూటీ వస్తువు ధర మీద మాత్రమే పడదు, ధర, ఇన్సూరెన్స్, షిప్పింగ్ మూడూ కలిపిన మొత్తం మీద పడుతది. 7,000 యెన్ల వస్తువుకి దాదాపు అంతే షిప్పింగ్ ఉంటే పన్ను గూడ దాదాపు డబుల్ మీద కట్టినట్టే. ఆ డ్యూటీ మీద సర్‌ఛార్జ్, ఇవన్నీ కలిపినంక వచ్చిన మొత్తం మీద ఐజీఎస్టీ. మెషిన్ చవకగ వచ్చింది అనుకున్నోడికి ఇక్కడ కండ్లు తిరుగుతయి. రేట్లు మారుతుంటయి కాబట్టి శాతాలు రాయను, ఆర్డర్ పెట్టే రోజు చూసుకోండ్రి. గిఫ్ట్ అని రాయించి తెప్పిస్తే పన్ను పడదు అనే పాత చిట్కా పట్టుకుని ఇంకా తిరుగుతుంటరు, 2019 డిసెంబర్ల ఆ దారి మూసేసిండ్రు, రాఖీలు, ప్రాణం కాపాడే మందులు తప్ప. ధర తక్కువ చూపియ్యమని అడిగేటోళ్లు ఉంటరు, నేను ఎప్పుడూ చేయలే, చేయమని చెప్ప గూడ, దొరికితే ఒక బాధ, పార్సెల్ పోతే ఇన్సూరెన్స్ ఆ తక్కువ ధరకే ఇస్తరు, అది ఇంకో బాధ.

మెషిన్ వరకు 13,180 అయింది. మూడు గేమ్స్, ఒక్కోటి 500 యెన్లు, వాటి బరువు, పన్ను వాటా కలిపి 1,500. కార్ట్, వేరే కంపెనీది అని తెలిసినంక, 2,500. మొత్తం 17,180. దీని మీద ఆయన తెప్పించి, టెస్ట్ చేసి, ఇంట్ల పెట్టుకుని, మనం వచ్చి ముట్టుకుని చూసే వీలు ఇచ్చినందుకు 20 శాతం కట్టిన, 3,436. మొత్తం 20,616. అందుల నుంచి నేను చేయాల్సిన పని, గ్రీజు, లెన్స్, కార్ట్ స్లాట్ శుభ్రం, బ్యాటరీ, 1,500 తీసేస్తే 19,116. ట్రాన్స్‌ఫార్మర్ తీయలే, అది జపాన్ మెషిన్ ఎవరు కొన్నా పెట్టుకోవాల్సిన ఖర్చు.

19 వేలు అని చెప్పిన. ఆయనకి కోపం రాలే, బాధ వచ్చింది. ఆయన చెప్పింది వినదగ్గ మాట: "సార్, ఐదు మెషిన్లు తెప్పించిన, రెండు చచ్చి వచ్చినయి, వాపస్ లేదు, ఆ రెండింటి డబ్బులు నేను ఎక్కడి నుంచి తీయాలె, ఈ మూడింటి మీద వేసుకోక?" దాని వెనక ఇంకొకటి ఉంది, రసీదు చూసినప్పుడే నాకు తెలిసింది, ఆ లాట్ జంక్ లాట్, ఒక్కోటి 2,000 యెన్ల లోపే పడింది. మా పిలగాడు అది చూసి వెంటనే "అన్నా, ఆయనకి 2,000కే వచ్చింది కదా, మనం 7,000 ఎందుకు కట్టాలె" అన్నడు.

ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పిన, ఈ కేస్ల నేను గట్టిగ నిలబడ్డది ఇక్కడనే. జంక్ కొని, విప్పి, పని చేసేటట్టు చేసుడు ఆయన రిస్కు, ఆయన చేతి పని, అందుల మిగిలింది ఆయనదే, మనకి దాంట్ల వాటా లేదు. నువ్వు గూడ జంక్ కొనొచ్చు, ఎవరు వద్దన్నరు, నడవకపోతే నీ 2,000 తోపాటు షిప్పింగ్, పన్ను గూడ పోతది. అట్లనే చచ్చిన రెండు మెషిన్ల నష్టం గూడ ఆయనదే, బతికిన దాన్ని కొనేటోడిది కాదు, ఎందుకంటే కొనేటోడు ఆ నష్టం పెట్టకుండనే నడిచే మెషిన్ 7,000 యెన్లకి తెప్పించుకోగలడు. ఆయన అదృష్టం లెక్కలకి రాదు, ఆయన దురదృష్టం గూడ రాదు. ఒకటి తీసుకుని ఇంకొకటి వద్దంటే అది బేరం, న్యాయమైన ధర కాదు.

ఆయన చాలాసేపు కాగితం చూస్తూ కూర్చున్నడు. నేను ఇంకోటి అడిగిన, లేజర్‌కి ఒక నెల మాట ఇస్తవా, పోతే వాపస్ తీసుకుంటవా అని. జపాన్ నుంచి తెప్పించుకుంటే ఆ భరోసా ఉండదు, కాబట్టి దానికి వేరే విలువ ఉంది, ఇస్తే 20 వేలు న్యాయం అన్న. ఒప్పుకుండు. గ్రే బాక్స్ ఆయన దగ్గరనే ఉంచుకున్నడు, దాన్ని గ్రే మెషిన్ ఉన్నోళ్లకి అమ్ముకుంటడు. అడ్వాన్స్ పోను 15 వేలు కొట్టినం. పోయేటప్పుడు ఆయనకి నేను చెప్పిన, ఆ చచ్చిన రెండు మెషిన్లు పారేయకు, నా దగ్గరికి తే, పవర్ సప్లై, డ్రైవ్, షెల్ విడివిడిగ అమ్ముకోవచ్చు అని. తర్వాత వారం తెచ్చిండు.

ఆ వారమే కోఠిల 100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ 1,400కి తీసుకున్నం. నా సర్వీస్ 1,500, చూసినందుకు వెయ్యి. పిలగానికి మొత్తం 23,900 పడింది. టీవీ సంగతి వాడే చూసుకున్నడు, ఎర్రగడ్డ సండే మార్కెట్ల ఒక పాత సోనీ డబ్బా టీవీ పట్టిండు, జపాన్ ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్ తీసుకునే మల్టీ సిస్టమ్ది. మన దేశం పద్ధతి, పాల్ అంటరు, ఆ సిగ్నల్ ఒక్కటే తీసుకునే టీవీ అయితే రంగులు రాకపోవచ్చు, బొమ్మ దొర్లొచ్చు, అది చూసి మెషిన్ పాడైంది అనుకోవద్దు.

ఇప్పుడు లేజర్ పాట్ మీద గీత. ఆ రోజు నలభై నిమిషాల టెస్ట్ పాస్ అయిందని దాన్ని నేను ధరల లెక్క కట్టలే. నెల గడిచింది, ఏం కాలే, ఆరు నెలలు గడిచినయి, 2024 మార్చిల పిలగాడు ఫోన్ చేసిండు, "అన్నా, డిస్క్ తిరుగుతుంది, చదువుతలేదు". తెచ్చి చూస్తే లేజర్ అయిపోయింది, పాట్ అప్పటికే ఎంత తిప్పాలో అంత తిప్పి ఉంది, ఇంక తిప్పేటందుకు జాగా లేదు. తప్పు నాది. గీత చూసిన, ఫోటో తీసుకున్న, దాని అర్థం తెలుసు, అయినా ఆడుతుంది కదా అని వదిలేసిన. తిప్పిన పాట్ ఉన్న మెషిన్ అంటే లేజర్ మార్చాల్సిన మెషిన్ అనే లెక్క కట్టాల్సి ఉండె, ఆ రోజే 3 వేలు తీయాల్సి ఉండె.

దిల్‌సుఖ్‌నగర్ ఆయన తెచ్చిన చచ్చిన మెషిన్లల్ల ఒకదాని డ్రైవ్, అంటే లేజర్ ఉండే సీడీ భాగం, మంచిగ ఉండె. సాటర్న్ డ్రైవ్‌లకి రిబ్బన్ కేబుల్ 20 పిన్నులది, 21 పిన్నులది అని రెండు రకాలు, చూడకుండ తీసుకుంటే సరిపోదు, అదృష్టం కొద్దీ ఇది సరిపోయింది. ఆయన 2,000 అడిగిండు, అది సరైన ధరే, బేరం చేయలే. అందుల వెయ్యి పిలగాడు పెట్టిండు, వెయ్యి నేను పెట్టిన, పని చేసినందుకు ఏం తీసుకోలే. అప్పటి నుంచి నా చెకింగ్ కాగితంల ఒక లైను పెరిగింది: పాట్ మీద గీత ఉంటే డ్రైవ్ ధర పూర్తిగ తీసేయి, ఎంత మంచిగ ఆడినా సరే.

ఆ దిల్‌సుఖ్‌నగర్ ఆయన ఇప్పుడు మెషిన్ అమ్మితే కస్టమ్స్ రసీదు ఫోటో, పాట్ ఫోటో, వెనకాల వోల్టేజీ స్టిక్కర్ ఫోటో ముందే పెడుతున్నడు, పోయిన నెల ఒక పీసీ ఇంజిన్‌కి కొనేటోడు నన్ను పిలిస్తే ఆ మూడు ఫోటోలు చూసి ఆయన అడిగిన ధరకే తీసుకో అని ఫోన్లనే చెప్పిన.